నాలుగో ఆదివారం

పోయిన నెల పీఎఫ్ పింఛను కాగితాల గురించి రాసినాను. ఈ నెల కాలేజీల్లో కొత్తగా చేరే పిలకాయల గురించి రాస్తాను. అయిదో క్లాసు చదివి మిల్లులో దారం అతికిన ముసలాయనకి యూనివర్సిటీతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. మొదట్లో నేనూ అట్లే అనుకున్నాను.

పోయినేడు జూన్‌లో మా చర్చిలో ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఆ బిడ్డ గిండీ వైపు ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతా ఉంది. అక్కడ విద్యార్థుల క్రైస్తవ బృందం ఒకటి ఉంది. వారానికి ఒక సాయంత్రం పది పదిహేను మంది కూర్చొని బైబిల్ చదువుకొని, ప్రార్థన చేసుకొని, టీ తాగి పోతారు. ఇట్లాంటి బృందాలు మన దేశంలో నిన్న మొన్న పుట్టినవి కావు. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ 1912 నుంచి ఉంది. యూఈఎస్‌ఐ అని ఇంకొకటి 1954లో మొదలైంది. పిలకాయలే నడుపుకుంటారు, చదువు ముగించి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు వెనక నిలబడతారు.

"తాతా, ఆంధ్రా నుంచి కొత్తగా చానా మంది వస్తా ఉండారు. మా బృందంలో అందరిదీ తమిళం, ఇంగ్లీషు. తెలుగులో పలకరించేదానికి మీరు రండి" అనింది.

సరే అని పోయినాను. ఆ రోడ్డులో బస్సు మీద ఎన్నిసార్లు పోయినానో, ఆ గేటు లోపలికి పోయింది మాత్రం అదే మొదటిసారి. చొక్కా ఇస్త్రీ చేయించుకొని పోయినా చేతులు యాడ పెట్టుకోవాలో తెలియలేదు. నాకు టీ కాసే పని ఇచ్చినారు. అది మాత్రం నాకు తెలుసు.

ఆ రోజు బాగా జరిగింది. పాటలు పాడినారు, బిస్కెట్లు పంచినారు, ఫోటో తీసుకున్నారు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక అబ్బోడు టీ కోసం నా దగ్గరికి వచ్చి, తెలుగు వినగానే అక్కడే నిలబడిపోయినాడు. పేరు రాయను. వాళ్ళ నాయన మిరపకాయల మార్కెట్‌లో హమాలీ అంట. బస్సులో కండక్టరు "చిల్లఱై ఇల్లై" అంటే చిల్లర అర్థమయింది గానీ, ఇల్లు గురించి ఎందుకు అడుగుతా ఉండాడో తెలియలేదు అని చెప్పినాడు. "ఇల్లై అంటే లేదు అని రా" అని నేను నవ్వితే వాడూ నవ్వినాడు. పోయేటప్పుడు, "తాతా, మీ తట్టు తెలుగు ఆరాధన ఉందా?" అని అడిగినాడు. "లేకేమి, పెరంబూరు వచ్చి ఎవరిని అడిగినా చెప్తారు. ఎప్పుడైనా రా నాయనా" అన్నాను.

ఎప్పుడైనా రా అన్నాను. ఏ రోజు అని చెప్పలేదు. ఫోన్ నంబరు తీసుకోలేదు, నాది ఇవ్వలేదు.

నెల తిరిగినాక బృందం వాళ్ళని అడిగితే, ఆ అబ్బోడు హాస్టల్ ఖాళీ చేసి ఊరికి పోయినాడని తెలిసింది. మొదటి రోజు తర్వాత ఎవరైనా వాడి గదికి పోయినారా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరీక్షలు, రికార్డు పనులు, ఇట్లా ఎవరి పని వాళ్ళకి ఉంది. వాళ్ళని ఏమంటాను, నేను మాత్రం పోయినానా?

పక్క గది వాడి దగ్గర నంబరు తీసుకొని ఫోన్ చేసినాను. అబ్బోడు నన్ను గుర్తుపట్టినాడు. ఒక ఆదివారం పెరంబూరు వచ్చినాడంట. ఎలక్ట్రిక్ రైలు దిగింది మాత్రం పెరంబూరు లోకో వర్క్స్‌లో. మన తట్టు వాళ్ళకి తెలుసు, ఆ లైనులో పెరంబూరు ఒకటి, పెరంబూరు క్యారేజ్ వర్క్స్ ఒకటి, పెరంబూరు లోకో వర్క్స్ ఒకటి, వరసగా మూడు స్టేషన్లు. కొత్తవాడికి ఎట్లా తెలుస్తుంది? తమిళంలో అడగలేక ఎండలో గంట సేపు తిరిగి, మళ్ళా రైలెక్కి వెళ్ళిపోయినాడు. ఆ వారంలోనే పెట్టె సర్దుకున్నాడు. "మూడు పెరంబూర్లు ఉన్నాయని మీరు చెప్పలేదు కదా తాతా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

స్టేషన్ తప్పిందని ఒక పిల్లోడు చదువు మానుకోడు. అన్నం పడలేదు, పాఠం ఇంగ్లీషులో అర్థం కాలేదు, ఇంట్లో డబ్బుకి కష్టం. ఇన్నిటి మీద ఆ ఆదివారం ఒకటి. ఆ ఒక్కటి నా చేతిలో ఉండింది.

ఆ రాత్రి నాకు నా సంగతి గుర్తుకొచ్చింది. నేను 1978లో బదిలీ కూలీగా చేరినాను. బదిలీ అంటే మన పెద్దవాళ్ళకి చెప్పక్కరలేదు, చిన్నవాళ్ళకి చెప్తాను. ఎవరైనా రాకపోతే ఆ చోటికి తీసుకుంటారు, అందరూ వస్తే గేటు దగ్గర నుంచే ఇంటికి. పని దొరికిన మొదటి రోజు స్పిన్నింగ్‌లో అందరూ నన్ను పలకరించినారు. నీళ్ళ కుండ యాడ, చొక్కా యాడ తగిలించాలి, మేస్త్రి ఎప్పుడు వస్తాడు, అన్నీ చెప్పినారు. మూడో వారానికి ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. వేళ్ళు కోసుకుపోయి, దూది దుమ్ముకి దగ్గు పట్టి, వారంలో మూడు రోజులు పని దొరక్క, మా ఊరికి పోయి మేకలు కాసుకుంటానని గేటుకి పోవడం మానేసినాను. మా సైడులో పనిచేసే ఒక పెద్దాయన రెండో రోజు సాయంత్రం ఇల్లు వెతుక్కుంటా వచ్చినాడు. పెద్దగా ఏమీ చెప్పలేదు. "దగ్గుకి బెల్లం తిను, రేపు నాతో రా" అన్నాడు. పోయినాను. నా సంసారం, నా బిడ్డల చదువులు, అన్నీ ఆ సాయంత్రం మీదే నిలబడినాయి.

మనది 1918లోనే మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టిన పేట. ఒకడు రాకపోతే ఎందుకు రాలేదని అడగడం మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కరలేదు. నేను అది మరిచిపోయినాను, అంతే.

ఈ ఏడు జూన్‌లో బృందం వాళ్ళు మళ్ళా పిలిచినప్పుడు ఇదంతా వాళ్ళకి చెప్పినాను. మొదటి రోజు అందరూ పలకరిస్తారు, సీనియర్లు, సార్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మా నాయనా, అందరూ ఉంటారు. మూడు వారాలు పోయినాక ఎవరూ ఉండరు, ఆ నాలుగో ఆదివారానికి మనం ఉండాలి అన్నాను. ఆ పిలకాయలు చదువుకున్నవాళ్ళు కదా, వెంటనే ఒక నోటుబుక్కు పెట్టినారు. పేరు, ఊరు, గది, ఇష్టమైతే ఫోన్ నంబరు, ఏ భాషలో మాట్లాడితే సుఖం. ఒక్కొక్కరికి ఇద్దరు కొత్తవాళ్ళు. వారానికి ఒకసారి కనబడి "తిన్నావా" అని అడగాలి. ఆడపిల్లల్ని ఆడపిల్లలే చూసుకోవాలి.

ఇంకో సంగతి మీద కొంచెం వాదన జరిగింది. బృందంలో ఒకరు, క్రైస్తవులు అని ముందే చెప్తే వేరేవాళ్ళు రారు, చెప్పకుండా పిలుద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనం ఎవరమో దాచిపెట్టి పిలిస్తే, తెలిసిన రోజు ఆ బిడ్డ తిన్న అన్నం కూడా వల అనుకుంటాడు. పేరు చెప్పే పిలవాలి. వచ్చినవాడు ప్రార్థనకి కూర్చోకపోయినా భోజనానికి కూర్చోవాలి. అన్నం పెట్టేటప్పుడు మతం అడగకూడదు. చివరికి అందరూ దానికే వచ్చినారు. ఈ ఏడు టీకి వచ్చినవాళ్ళలో కర్నూలు నుంచి ఒక సాయిబుల అబ్బాయి ఉండాడు, నుదుట విభూతితో ఒక తిరువణ్ణామలై అబ్బాయి ఉండాడు. ఇద్దరూ పాటల ముందే లేచి పోయినారు, మళ్ళా వారం కూడా టీకి వచ్చినారు. మన పత్రిక చదివేవాళ్ళలో అన్ని దేవుళ్ళవాళ్ళూ ఉండారు కాబట్టి ఇది రాస్తా ఉండాను.

బిడ్డల్ని పంపేవాళ్ళకి కొన్ని మాటలు. సెంట్రల్‌లో దిగితే రోడ్డు దాటినాక పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం వైపు పోయే ఎలక్ట్రిక్ రైలు ఎక్కితే గిండీ వస్తుంది. సెంట్రల్ నుంచి మెట్రోలో కూడా గిండీ పోవచ్చు. తమిళంలో నాలుగు మాటలు నేర్పి పంపండి: ఎవ్వళవు అంటే ఎంత, పోదుం అంటే చాలు, వేండాం అంటే వద్దు, ఇల్లై అంటే లేదు. ర్యాగింగ్ అని భయపెడితే ఊరుకోవద్దు. తమిళనాడులో దానికి 1997లోనే చట్టం వచ్చింది. దేశమంతటికీ 1800-180-5522 అని ఒక నంబరు ఉంది, ఫోన్ చేసేదానికి డబ్బు పడదు. బిడ్డ ఫోన్‌లో ఈ నంబరు ముందే పెట్టి ఇవ్వండి.

ఈ నెల నాలుగో ఆదివారం వచ్చింది. పొద్దున తొమ్మిదికి పెరంబూరు స్టేషన్‌లో నిలబడినాను. "క్యారేజ్ కాదు, లోకో కాదు, ఉత్త పెరంబూరు" అని ముందు రోజే అందరికీ ఫోన్‌లో మూడుసార్లు చెప్పినాను. అయిదుగురు రావాలి, నలుగురు దిగినారు. ఆరాధనకి వచ్చేవాళ్ళు వచ్చినారు, రానివాళ్ళు మా ఇంట్లో టీవీ చూసినారు. మా ఆమె పప్పు, చేపల పులుసు, గోంగూర పచ్చడి చేసింది. ఒకడు పచ్చడి వేసుకొని తల ఎత్తకుండా తిన్నాడు.

అయిదో మనిషి శ్రీకాకుళం అమ్మాయి. రాలేదు. మా ఆమె ఫోన్ చేస్తే మొదట జ్వరం అనింది, తర్వాత ఏడ్చింది. భోజనం కాగానే మా ఆమె, ఆ ఎమ్మెస్సీ బిడ్డ కలిసి డబ్బాలో అన్నం కట్టుకొని హాస్టల్‌కి పోయినారు. రాత్రి ఏడింటికి తిరిగొచ్చినారు. "ఏమంటుంది?" అంటే, "ఇంటికి పోతానంటుంది. వచ్చే ఆదివారం దాకా ఉండమని చెప్పి వచ్చినాము" అని మా ఆమె అనింది.

ఉంటుందో పోతుందో తెలియదు. ఇంటికి పోవడం తప్పు కాదు, ఆ బిడ్డ ఇష్టం. ఎవరూ అడగలేదని మాత్రం పోకూడదు.

ప్రకాశం జిల్లా అబ్బోడు ఇప్పుడు ఒంగోలులో డిగ్రీ చేస్తా ఉండాడు. పండక్కి ఫోన్ చేసినాడు. వాడికి నేను బాకీ ఉండాను.

మన పేటలో అందరి ఇళ్ళూ చిన్నవే, నాకు తెలుసు. నెలకి ఒక ఆదివారం, ఇంటికి ఒక బిడ్డ, ఒక పూట అన్నం. ఇష్టమైనవాళ్ళు ఏ దేవుడి వాళ్ళైనా సరే, సాయంత్రం లైబ్రరీ దగ్గర నన్ను కలిసి పేరు చెప్పండి. ఏ స్టేషన్‌లో దిగాలో ఆ బిడ్డకి నేను చెప్తాను.