పదివేలు నిండని లెక్క

సంపాదకులవారికి,

అయ్యా,

ఈ శీర్షికను చిరకాలంగా చదువుతున్నవాణ్ణి గాని వ్రాయడం అరుదు. విరాట్ కోహ్లీ 2025 మే 12వ తేదీన టెస్టు క్రికెట్టు చాలించుకున్నది మొదలు మా తిరువల్లిక్కేణి వీధుల్లోను, మా బంధువర్గంలోను ఒకే మాట వినవస్తున్నది. "ఇంకొక 770 పరుగులు చేసి పోతే పదివేలు నిండేవి గదా! అంత తొందరేమొచ్చింది?" అని. అతడు 123 మ్యాచీలలో 9,230 పరుగులు చేశాడు, 30 సెంచురీలు కొట్టాడు. అవి ఎవరి నోటికీ రావు. చేయని 770 మాత్రం పసిపిల్లలకు కూడా కంఠస్థం.

నేను ముప్పైనాలుగేండ్లు సర్కారు కచేరీలో పద్దుల గుమాస్తాగా ఉండి రిటైరయినాను. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటివరకు కూర్చుండి వెదికినవాణ్ణి. లెక్క నిండాలనే ఆరాటం నాకు ఒకరు నేర్పనక్కరలేదు. కాని కచేరీ పద్దులో లోటు ఉన్నదంటే ఎవరో ఎవరికో బాకీ అన్నమాట. ఆ 770 పరుగులు కోహ్లీ ఎవరికి బాకీ? మనం అతనికి ఎప్పుడు అప్పిచ్చాము? నెలరోజులు బ్యాటు ముట్టుకోలేదని, లోపల ఉత్సాహం లేకున్నా ఉన్నట్లు నటించానని 2022లో అతడే బాహాటంగా చెప్పాడు. ఆ మాట మన చెవిని బడలేదు.

లెక్క నిండకపోవడం క్రికెట్టులో కొత్త గాదు. 1948 ఆగస్టు 14న లండనులోని ఓవల్ మైదానంలో డాన్ బ్రాడ్మన్ తన కడపటి టెస్టు ఇన్నింగ్సుకు దిగాడు. నాలుగే నాలుగు పరుగులు చేస్తే జీవితపు సగటు నూరు నిండుతుంది. హోలీస్ వేసిన బంతుల్లో తాను ఎదుర్కొన్న రెండవదానికే బౌల్డయినాడు. సున్న! ఇంగ్లండు ఇన్నింగ్సు తేడాతో ఓడిపోయినందున రెండవమారు బ్యాటు పట్టే అవసరమే రాలేదు. సగటు 99.94 వద్ద నిలిచిపోయినది. నలభై నిండబోతున్న ఆ మనిషి ఆ నాలుగు పరుగుల కోసం మళ్ళీ టెస్టు ఆడలేదు. నూరు నిండి ఉంటే ఆ అంకెను లోకం ఇన్నేండ్లు ఇంత ప్రేమగా తలచుకొనేది కాదని నా నమ్మకం.

మన టెండుల్కరుకు లెక్క నిండినది. ఎట్లా నిండిందో చూడండి. 2011 మార్చి 12న నాగపూరులో తొంభై తొమ్మిదవ సెంచురీ. నూరవది 2012 మార్చి 16న, ఢాకా నగరంలోని మీర్పూరులో. నడుమ సంవత్సరం నాలుగు రోజులు. ఆ నడుమనే మనం ప్రపంచకప్పు గెలిచాము. అయినా అతడు ఏ ఊరు పోయినా "ఈ పూటైనా అవుతుందా?" అన్నదే ప్రశ్న. ఓవల్‌లో 91, సొంత ఊరు బొంబాయిలో 94 చేసినా జనం పెదవి విరిచారు. తీరా అయిననాడు తన మీదినుంచి 50 కిలోల బరువు దిగినట్లున్నదని అతడే అన్నాడు. ఆ బరువు ఎత్తినది ఎవరు? మేడమెట్లెక్కితే ఆయాసపడే మనమే.

కళ్ళారా చూచినది ఒకటి చెబుతాను. 1999 జనవరి 31న మా చేపాక్కం మైదానంలో పాకిస్తానుపై మనకు కావలసినవి 271 పరుగులు. 82కే ఐదు వికెట్లు పోయినవి. నడుము నొప్పితో మెలికలు తిరుగుతూ టెండుల్కరు 136 చేసి, ఇంక 17 కావలసి ఉండగా అవుటయినాడు. తక్కిన మూడు వికెట్లు కలిసి నాలుగు పరుగులు చేసినవి. 12 పరుగుల తేడాతో ఓడాము. మైదానం చుట్టి వచ్చిన పాకిస్తాను ఆటగాళ్ళకు ఆ జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టినది. నేనూ కొట్టాను. ఈ ఊళ్ళో పుట్టినందుకు అంత గర్వపడిన రోజు మరొకటి లేదు. బయటికి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడితే మాత్రం, "ఆ పదిహేడూ కొట్టేసి పోకూడదా వీడు!" అని. పరాయివారికి చప్పట్లు కొట్టిన చేతులే మనవాణ్ణి వేలెత్తి చూపినవి.

టెన్నిసులో ఇది మరీ ఘోరం. క్రికెట్టులో తప్పు పంచుకొనడానికి ఇంకా పదిమంది ఉంటారు. అక్కడ ఓడినవారు ఒంటరి. మన మద్రాసు రామనాథన్ కృష్ణన్ 1960లోను, 1961లోను వింబుల్డన్ సెమీఫైనలుకు చేరాడు. వరుసగా రెండేండ్లు ఆ పోటీలో చివరి నలుగురిలో ఒకడు! మా ఇంటి పెద్దలు మాత్రం "ఫైనలుకు పోలేదే" అని ఎన్నో ఏండ్లు నిట్టూర్చారు. సెరీనా విలియమ్స్ బిడ్డను కన్న పది నెలలకు వింబుల్డన్ ఫైనలు ఆడినది. 2018, 2019లలో నాలుగు పెద్ద ఫైనళ్ళు ఆడి నాలుగూ ఓడితే, 23 పెద్ద టైటిళ్ళ రాణికి "ఇరవై నాలుగవది ఏదీ?" అన్న ప్రశ్నే మిగిలినది.

ఈ విషయంలో నాకు నచ్చిన మనిషి ఆస్ట్రేలియా దేశపు ఆష్లీ బార్టీ. పదునెనిమిదేండ్లకే టెన్నిసుతో విసిగి రాకెట్టు పక్కన పెట్టినది. పోయి బ్రిస్బేన్ జట్టులో క్రికెట్టు ఆడినది. పదిమందితో కలిసి ఆడడంలో ఊపిరి తిరిగినది కాబోలు, 2016లో మళ్ళీ టెన్నిసుకు వచ్చి వింబుల్డన్ గెలిచినది. 2022 జనవరిలో తన దేశపు టైటిలు కూడా గెలిచి, ప్రపంచంలో ప్రథమస్థానంలో ఉండగానే, మార్చిలో ఇరవై అయిదేండ్ల వయసున విరమించుకున్నది. ఇంకెన్ని గెలిచేదో అని అందరూ వాపోయారు. ఆమె మాత్రం వాపోయినట్లు లేదు.

ఇదంతా పెద్దవాళ్ళ గొడవ అయితే నేను కాగితం వృథా చేసేవాణ్ణి కాను. మా ఎదురింట మన తెలుగువారి పిల్లవాడే, పన్నెండేండ్లవాడు ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి తండ్రి క్రికెట్టు శిక్షణకు తీసుకుపోతాడు. వలవెనుక నిలబడి ఒక్కొక్క బంతికీ పుస్తకంలో లెక్క వ్రాస్తాడు. 2025 ఏప్రిల్ 28న ఐ.పి.ఎల్.లో వైభవ్ సూర్యవంశీ పద్నాలుగేండ్లకే 35 బంతుల్లో సెంచురీ కొట్టినది మొదలు, "ఇంక నీకు రెండేండ్లే గడువు" అనడం మొదలుపెట్టాడు. మొన్న ఆ పిల్లవాడు గోడ మీదుగా నన్నడిగాడు: "తాతా, పద్నాలుగు దాటితే ఇంక ఆడనివ్వరా?"

శిక్షణ కేంద్రాలవారు సాధన వేళల్లో తండ్రులను వలవెనుక నిలబడనీయకుండా గేటు బయట కూర్చోబెడితే బాగుంటుందని నా మనవి. తమరు కూడా ఆటల పేజీలో "ఇంకా ఎన్ని కావాలి" అంటూ పెట్టెకట్టి వేసే ఆ అంకెలను కొంతకాలం మానివేయండి. ఆ స్థలంలో ఆ రోజు ఆట ఎట్లా జరిగినదో ఇంకో నాలుగు పంక్తులు వ్రాయిస్తే చదువుకుంటాము.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
తిరువల్లిక్కేణి, చెన్నై.