కుక్కకూ సెలవు కావాలి

మా అన్నయ్య కూతురు అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్నది. నేను తెలుగు లెక్చరర్ని గనక, ఆ మాటకు తెలుగేమిటని నన్నే నిలదీసింది. ‘వృత్తి చికిత్స’ అంటే ఉద్యోగం ఊడినవాళ్లకు చేసే వైద్యమేమో ననుకుంటారు జనం. నిజానికి అక్కడ వృత్తి అంటే మనిషి పొద్దున్న లేచింది మొదలు చేసుకునే పనులన్నీను. చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, జడ వేసుకోవడం. పక్షవాతం వచ్చిన చేతికి వీటిని మళ్లీ నేర్పుతారు వీళ్లు. మన దేశంలో ఈ విద్య 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో మొదలయింది. మొదలు పెట్టిన కమలా నింబ్కర్ పుట్టుకకు అమెరికను. మనవాణ్ణి పెళ్లాడి ఇక్కడే స్థిరపడ్డది.

ఈ టెర్ములో మా పిల్లకు జంతువుల సాయంతో చికిత్స చెయ్యడం ఒక పాఠమట. అది విని మా అన్నయ్య, “ఒరేయ్, పొలం తాకట్టు పెట్టి పంపిస్తే అక్కడ కుక్కకు దువ్వడం నేర్చుకుంటున్నదిరా!” అని నా దగ్గర వాపోయాడు. దువ్వడమే ఆ పాఠంలో కీలకమని అప్పటికింకా వాడికి తెలియదు.

ఇది నిన్న మొన్నటి వింత కూడా కాదు. ఇంగ్లండులో యార్క్ నగరం దగ్గర 1796లో తెరిచిన ‘రిట్రీట్’ అనే మానసిక చికిత్సాలయంలో రోగుల కోసం కుందేళ్లనూ కోళ్లనూ పెంచారు. దీర్ఘరోగికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువడిన తన పుస్తకంలో రాసింది. న్యూయార్కులో బోరిస్ లెవిన్‌సన్ అనే పిల్లల మనస్తత్వవేత్త ఉండేవాడు. ఎవరితోనూ కలవని ఒక కుర్రవాడు ఆయన కుక్క జింగిల్స్‌తో చెలిమి చేశాడు. ఆ సంగతి 1961లో తోటి పండితుల సభలో చెబితే కొందరు ఎగతాళి చేశారు. ఆయన మాత్రం మరుసటి ఏడు దాన్ని అచ్చు వేయించాడు.

ఇప్పుడు ఎగతాళి పోయి నిబంధనలు వచ్చాయి. పెట్ పార్ట్‌నర్స్ అనే అమెరికా సంస్థ తొమ్మిది జాతుల జంతువులను నమోదు చేసుకుంటుంది. కుక్కలూ పిల్లులే కాక గినీ పందులూ లామాలూ, ఆఖరికి ఎలకలు కూడా! జంతువునూ, దాన్ని వెంటబెట్టుకు వచ్చే మనిషినీ కలిపే పరీక్షిస్తారు. ఆ పరీక్ష రెండేళ్లకోమారు మళ్లీ తప్పదు.

సరే, విద్యార్థులకు నేర్పేదేమిటి? కుక్కను చూసి రోగి నవ్వితే అది పరామర్శే గాని చికిత్స కాదని మొదటి రోజే చెప్పేశారట. ఏ కీలు కదలాలి, ఎంతసేపు, ఎవరి ఆసరాతో అన్నది ముందే రాసుకోవాలి, తరవాత లెక్క చూసుకోవాలి. చెక్కమీద కన్నాల్లో పుల్లలు గుచ్చమంటే పదింటికే విసుగెత్తే ముసలాయన, బ్రష్షు చేతికిచ్చి కుక్కను దువ్వమంటే భుజం పైకెత్తుతాడు, మోచెయ్యి చాస్తాడు. వేళ్లకు పట్టు చాలకపోతే బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తారు. చెయ్యి ఇంకా దూరం సాగాలంటే కుక్కను అవతలి పక్కకు జరుపుతారు. వేళ్లకు సన్నపని కావాలంటే మెడపట్టీ బకిలు విప్పమంటారు. మందు మోతాదు మార్చినట్టే అన్నమాట.

అన్నిటికన్నా కష్టమైన పాఠం కుక్కను చదవడం. క్లాసులో ముగ్గురేసి జట్టు కడతారు. ఒకరు రోగి, ఒకరు థెరపిస్టు, మూడో మనిషికి కుక్కను చూస్తూ కూర్చోవడమే పని. ఊరికే పెదవులు నాక్కోవడం, మొహం తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, ఇవన్నీ దాని ఇబ్బందికి గుర్తులు. ఆవలింత కూడా! మా క్లాసులో ఆవలిస్తే నిద్రని సరిపెట్టుకుంటాను. కుక్క ఆవలిస్తే అలా సరిపెట్టుకోకూడదట.

ఇక్కడే మా పిల్లకు ఉపాధ్యాయినితో పేచీ వచ్చింది. ఆస్పత్రిలో ఒక పెద్దాయన, వారాల తరబడి లేవని చేతిని ఆ రోజు కుక్క వీపుదాకా ఎత్తాడట. ఇంకోసారి, ఇంకోసారి అంటున్నాడు. అంతలో కుక్క రెండుసార్లు ఆవలించి తల తిప్పుకుంది. ఉపాధ్యాయిని ఆపెయ్యమన్నది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. “మనిషి చెయ్యి గొప్పా, కుక్క ఆవలింత గొప్పా, బాబాయ్?” అని ఫోనులో నామీద విరుచుకుపడింది.

నా మట్టుకు నేను ఆ ఉపాధ్యాయిని పక్షమే. ఆ పెద్దాయన వద్దనగలడు, మా పిల్ల సెలవు పెట్టగలదు. ఆ గదిలో రాజీనామా ఇవ్వలేనిది కుక్క ఒక్కటే. విసిగిన కుక్క ఎంత సాధువైనా ఒకనాడు పళ్లు చూపిస్తుంది, ముసలివాళ్ల చర్మం కాగితంలా వుంటుంది. ఇంకో మాట కూడా అన్నాను. కుక్క ఉంటేనే లేచే చెయ్యి ఇంకా బాగుపడ్డట్టు కాదు. ఆ దువ్విన చేతితోనే ఆయన తన తల దువ్వుకోవాలి. కుక్కను పంపేసి, అదే ఊపులో ఆయన చేతికి దువ్వెన ఇచ్చి చూశావా, అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఇచ్చి చూసిందట. చెవి దాకా వెళ్లిందట చెయ్యి.

అసలు కుక్క గదిలోకి రావడానికి ముందే రోగిని అడగాలని మరో నియమం. కొందరికి దాని బొచ్చు పడదు. కొందరు చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లు. రేబిస్ ఎరిగిన మన దేశపువాళ్లకు కుక్కంటే భయమైతే దాన్ని పిరికితనమనడానికి వీల్లేదు. కొడుకు దగ్గర వుండడానికి అక్కడికి వెళ్లిన మన తెలుగావిడ ఒకామె మా పిల్ల చేతికి వచ్చింది. మడీ ఆచారమూ గల మనిషి. కుక్క మాటెత్తగానే, “దాన్ని గడప తొక్కనివ్వకమ్మా” అన్నదట.

ఏం చెయ్యాలని మళ్లీ నాకే ఫోను. ఆవిడ ఊళ్లో ఏం చేసేదో కనుక్కోమన్నాను. పెరట్లో మల్లెపందిరి వుండేదట, రోజూ పూలు కట్టేదట. అక్కడ మల్లెలెక్కడ దొరుకుతాయి? బజారులో గుడ్డపూలు, కాస్త లావు దారం కొనుక్కుపోయింది మా పిల్ల. మొదటి రోజు ముడి పడలేదు. వారానికి జానెడు దండ అయింది. పూలు ఎడంగా వున్నాయని ఆవిడే విప్పేసి మళ్లీ కట్టడం మొదలు పెట్టిందట.