ఈ మాత్ర రక్తాన్ని పలచన చేయదు

గుండెకు స్టెంట్ వేయించుకున్నవారికి ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను అందరూ "రక్తం పలచబడే మందు" అంటారు. డాక్టర్లు, నర్సులు కూడా అలాగే చెబుతారు. ఈ పేరు మానుకోవాలని నా అభిప్రాయం. "ఇన్నాళ్లు వాడాం కదా, రక్తం పలచబడే ఉంటుంది" అనుకుని కొందరు మాత్ర ఆపేస్తున్నారు. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

నిజానికి ఈ మాత్రలు పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద. గాయమైనచోట ముందుగా అతుక్కుని రక్తం కారకుండా ఆపే కణాలివి. రక్తం పారేటప్పుడు ఎర్రకణాలు మధ్యగా సాగుతూ వీటిని రక్తనాళపు గోడ వైపుకు నెడతాయి.

కాలువ నీరు ఇరుకు తూములోకి రాగానే ఉరవడి పెరుగుతుంది. కొవ్వు పేరుకుని సన్నబడిన ధమనిలోనూ అంతే. అంత వేగంలో ఏదీ అతుక్కోదనుకుంటాం. కానీ జరిగేది వేరు. రక్తంలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మామూలుగా దారపు ఉండలా చుట్టుకుని ఉంటుంది. గోడ చిట్లినచోట అది అంటుకుంటే, ప్రవాహం లాగుడుకు విప్పుకుని పొడవుగా సాగుతుంది. ప్లేట్‌లెట్లు దాన్ని పట్టుకుని ఆగి, ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. ఈ ప్రోటీన్ లోపం వల్ల కలిగే రక్తస్రావ వ్యాధిని 1926లో వివరించిన ఫిన్లాండ్ వైద్యుడి పేరే దీనికి పెట్టారు.

కాళ్ల సిరల్లో రక్తం నెమ్మదించినప్పుడు కట్టే గడ్డ వేరు. అందులో ఫైబ్రిన్ పోగులు, ఎర్రకణాలు ఎక్కువ. దానికి సాధారణంగా ఇచ్చే మందులూ వేరు. కాబట్టి పక్కింటివారి మాత్ర మీకు పనికిరాదు.

ఆస్పిరిన్ సోకిన ప్లేట్‌లెట్ తన జీవితకాలమంతా సరిగా గుంపు కట్టలేదు. కానీ ప్లేట్‌లెట్ బతికేది 7 నుంచి 10 రోజులే. రోజూ కొత్తవి పుడుతుంటాయి. అందుకే మాత్ర కూడా రోజూ వేసుకోవాలి. ముఖ్యంగా స్టెంట్ వేసిన తొలి నెలల్లో మాత్రలు ఆపితే, అది మూసుకుపోయి గుండెపోటు రావచ్చు.

కనుక పన్ను తీయించుకోవాలన్నా, ఆపరేషన్ ఉన్నా, ముందు మీ గుండె డాక్టరును అడగండి. మలం నల్లగా వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. ఇకమీదట మనమంతా దీన్ని "ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసే మాత్ర" అందాం. పేరు కాస్త పొడవే, కానీ ఎందుకు ఆపకూడదో ఆ పేరే చెబుతుంది.