డాక్టర్ సంగతి సరే, చేతుల సంగతేమిటి?

ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం సెప్టెంబరు 8న. 2025లో సరిగ్గా ఆ మర్నాడే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఓ లేఖ రాసింది. ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు 'డాక్టర్' అని పెట్టుకోకూడదన్నది దాని సారాంశం. 10వ తేదీకల్లా, మరింత పరిశీలించాల్సి ఉందంటూ అదే కార్యాలయం లేఖను వెనక్కి తీసుకుంది. ముందు 'డాక్టర్', వెనక 'పీటీ' అని రాసుకోవచ్చని అదే ఏడాది ఏప్రిల్‌లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చెప్పింది మరి. ఒక బిరుదు 24 గంటల్లో పోయి, తిరిగొచ్చింది. వైద్య సంఘాలు ఒకవైపు, ఫిజియో సంఘాలు మరోవైపు చేరి వాదించుకున్నాయి. బల్ల మీద బోర్లా పడుకున్న రోగి గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ రోగి కోణంలోంచి చూడటానికి పుదుచ్చేరి పట్టణం మంచి చోటు. గోరిమేడులో జిప్మర్ ఉంది. మదర్ థెరిసా ఆరోగ్య శాస్త్రాల సంస్థలో ఫిజియోథెరపీ డిగ్రీ చెబుతారు. అక్కడి నుంచి సముద్రం వైపు వస్తే పర్యాటకుల కోసం మసాజ్ బోర్డులు. రెండు చోట్లా పని చేతులతోనే, ఒంటి మీదే. బయటివాళ్లకు తేడా తెలియకపోవడంలో వింత లేదు. 2022 నవంబరులో తీహార్ జైల్లో అప్పటి ఢిల్లీ మంత్రి ఒకరు కాళ్లు పట్టించుకుంటున్న వీడియో బయటికి రాగా, అది ఫిజియోథెరపీ అని ఆయన పార్టీ సమర్థించుకుంది. కాళ్లు పట్టినది ఫిజియోథెరపిస్టు కాదు, తోటి ఖైదీ అని జైలు వర్గాలు చెప్పడంతో ఫిజియోథెరపిస్టుల సంఘం భగ్గుమంది. ఆ కోపం న్యాయమైనదే.

నిజానికి ఈ వృత్తి పుట్టిందే ఇలాంటి అనుమానం మధ్య. 1894లో లండన్‌లో మసాజ్ పేరిట నడుస్తున్న వ్యభిచార గృహాల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. పరువు నిలుపుకోవడానికి నలుగురు నర్సులు కలిసి ఒక సంఘం పెట్టారు. వారి తొలి నియమాలు నాలుగే: వైద్యుడు చెబితేనే మసాజ్ చేయాలి, ప్రత్యేకంగా కోరితే తప్ప మగవాళ్లకు చేయకూడదు, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలివ్వకూడదు, రోగులకు మందులమ్మకూడదు. చూడండి, ఇందులో బిరుదు ప్రస్తావనే లేదు. ఉన్నదంతా తాకడం గురించి, డబ్బు గురించి. నూట ముప్ఫయ్యేళ్లు దాటినా పేచీ వచ్చేది ఆ రెండింటి దగ్గరే.

పుదుచ్చేరిని ఏలిన ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. మసాజ్ చేసేవారిని, వ్యాయామ చికిత్స చేసేవారిని 1946 ఏప్రిల్ 30 నాటి చట్టంతో ఒకే వృత్తిగా కలిపేసింది. వారికి ప్రవర్తనా నియమావళి మాత్రం 2008 నవంబరులో గానీ డిక్రీగా రాలేదు. ఫ్రాన్స్‌కే అంత కాలం పట్టిందంటే మన ఆలస్యం కాస్త తక్కువ సిగ్గుచేటు.

మన దగ్గర 1955 నుంచీ ఫిజియోథెరపిస్టుల సంఘం ఉంది. అయితే సంఘం సభ్యత్వం తీసేయగలదు గానీ ప్రాక్టీసు ఆపించలేదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఆ లోటు తీర్చడానికి వచ్చింది. ప్రతి రాష్ట్ర కౌన్సిల్‌లోనూ నైతిక ప్రవర్తన, రిజిస్ట్రేషన్ కోసం ఒక బోర్డు ఉండాలంటుందది. అమలు నత్తనడకన సాగడంతో, 2024 అక్టోబరు 12లోగా అమలు చేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది. ఫిజియోథెరపిస్టు స్వతంత్రంగా ప్రాక్టీసు చేయవచ్చని కూడా ఈ చట్టమే చెప్పింది. స్వతంత్రం వచ్చిందంటే తప్పు జరిగినప్పుడు 'డాక్టరుగారు రాశారు, నేను చేశాను' అని తప్పించుకునే వీలు పోయినట్లే. బిరుదు కోసం వాదించేవారు ఈ మాట కూడా అంతే గట్టిగా చెబితే బాగుండేది.

రోగికి దక్కాల్సినవి అంతుపట్టని విషయాలేమీ కావు. చెయ్యి వేసే ముందు ఎక్కడ, ఎందుకు అని చెప్పాలి. అవసరమైనంత మేరకే బట్ట తొలగించాలి. ఇంటివాళ్లెవరైనా పక్కన ఉండాలని అడిగితే ముఖం చిట్లించకూడదు. పది సిట్టింగులతో తేలేదాన్ని ముప్ఫైకి సాగదీయకూడదు. రోగిని పంపిన వైద్యుడికి వాటా ఇవ్వకూడదు. చివరి రెండూ నాలుగు గోడల మధ్య జరిగేవి కాబట్టి పట్టుకోవడం కష్టం. సిట్టింగుల అంచనా మొదటి రోజే కాగితం మీద రాసిస్తే చాలా వరకు తెమిలిపోతుంది.

ఇక సమ్మతి ఏ భాషలో అన్నది పుదుచ్చేరికి ప్రత్యేకమైన చిక్కు. తెలుగు మాట్లాడే యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా ఉన్నది 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గోదావరి పాయ ఒడ్డున. అక్కడి నుంచి చక్కెర జబ్బున్న ఓ మామ్మగారు మోకాలి నొప్పితో ఇక్కడికి వచ్చారనుకుందాం. అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు వేడి చికిత్స చేస్తే చర్మం కాలినా తెలియదు. అందుకే ముందుగా వేడి నీళ్లు, చన్నీళ్లు ఉన్న గాజు గొట్టాలను చర్మానికి ఆనించి ఏది ఏదో చెప్పమంటారు. తమిళంలో వేడిని 'సూడు' అంటారు. గోదావరి పల్లెల్లో 'సూడు' అంటే చూడమని. కుర్ర ఫిజియో 'సూడా?' అని అడిగితే మామ్మగారు కాలి వైపు చూసి తలూపుతారు. ఆయన 'వేడి తెలుస్తోంది' అని రాసుకుంటారు. వార్డులో తెలుగు వచ్చిన ఆయానో, పక్క మంచం వాళ్లనో పిలిచి మళ్లీ అడగడానికి పట్టేది ఐదు నిమిషాలు.