పిట్టకో కెమేరా, పెళ్ళికో కెమేరా

"2008లో వచ్చిన కెమేరానా? మ్యూజియంలో పెట్టుకోమను మీ తమ్ముణ్ణి!"

మా ఆఫీసు క్యాంటీన్లో ఒక సహోద్యోగి విసిరిన మాట ఇది. ఆయన మెడలో ఉండేది రెండు లక్షలు దాటిన ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్. దాంతో ఆయన తీసేవి వాళ్ళబ్బాయి పుట్టినరోజు కేకు, ఏడాదికోసారి కూర్గ్ ట్రిప్పు. అందులో తప్పేం లేదు, ఆయన డబ్బు ఆయనిష్టం. నా గొడవల్లా ఆ మాట వెళ్ళి ఎవరికి తగిలిందన్న దాని గురించే.

మా బాబాయి కొడుకు ఒకడున్నాడు, ఇబ్రహీంపట్నంలో. డిగ్రీ అయింది. రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకి రెండో ఫోటోగ్రాఫరుగా వెళ్తున్నాడు, అదీ స్టూడియో వాళ్ళ కెమేరాతో. సొంత కెమేరా ఉంటే రోజుకి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి, చిన్న చిన్న ఫంక్షన్లు సొంతంగా ఒప్పుకోవచ్చు. చేతిలో ఉన్నది 40 వేలు. ఏది కొనాలో చెప్పమని నన్నడిగాడు. నేనేమో తెలివిగా మా ఆఫీసు ఫోటోగ్రఫీ గ్రూపులో అడిగాను. ఇంజనీర్లం కదా, సలహాలకి కొదవా! గంటలో ఇరవై సమాధానాలొచ్చాయి. అన్నిటి సారం ఒక్కటే: "డీఎస్ఎల్ఆర్ చచ్చిపోయింది. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తీసుకోమను. డబ్బుల్లేకపోతే ఈఎంఐ ఉందిగా."

నేను ఆ మాటల్ని అలాగే వాడికి చేరవేశాను. రెండ్రోజుల తర్వాత ఫోను.

"అన్నా, ఫైనాన్సోళ్ళు కాయితాలిచ్చిన్రు. నాయిన జమానతు సంతకం పెడ్తనంటుండు. పెట్టమంటవా?"

అప్పుడు దిగింది నాకు. బాబాయి కూరగాయల వ్యాపారం చేస్తాడు. మేం టీ తాగుతూ పడేసిన సలహాకి ఆయన మూడేళ్ళ పాటు హామీ ఉండబోతున్నాడు. ఇరవై మందిలో ఒక్కడు కూడా "మీ తమ్ముడు ఏం తీస్తాడు?" అని అడగలేదు. ఇరవై ఒకటో వాణ్ణి నేను. నేనూ అడగలేదు.

"సంతకం ఆపు, ఆదివారం దాకా ఆగు" అన్నాను.

ఈ టపాలో నేను చెప్పదల్చుకున్నది చాలా చిన్న విషయం. కెమేరాలకి పై కులం కింద కులం లేవు. పనికి తగ్గ కెమేరా ఉంటుంది, తగనిది ఉంటుంది. అంతే. దీన్ని నిరూపించడానికి కొత్త కెమేరాలు కూడా అక్కర్లేదు, పాత కెమేరాలు రెండు చాలు.

ఒకటి నా దగ్గరున్న కానన్ 7డి. 2009లో వచ్చింది. రెండోది కానన్ 5డి మార్క్ 2. 2008లో వచ్చింది, ఒక స్నేహితుణ్ణి బతిమాలి శని ఆదివారాలకి తెచ్చాను. ఈ రెండూ అన్నదమ్ముల పిల్లల్లాంటివి. ఒకటే బ్యాటరీ, ఒకటే రకం సీఎఫ్ కార్డు, రెంటి షట్టర్లకీ కంపెనీ చెప్పిన ఆయుష్షు లక్షా యాభై వేల క్లిక్కులే. అయినా స్వభావాలు మాత్రం ఉత్తర దక్షిణాలు.

5డి మార్క్ 2 ది ఫుల్ ఫ్రేమ్ సెన్సరు, అంటే పాత ఫిల్మ్ ముక్క సైజు, 36 బై 24 మిల్లీమీటర్లు. 21.1 మెగాపిక్సెళ్ళు. కానీ సెకనుకి 3.9 ఫోటోలే తీస్తుంది. ఫోకస్ పాయింట్లు 9, వాటిల్లో గట్టిగా నమ్మదగ్గది మధ్యలోది ఒక్కటే. 7డి ది చిన్న సెన్సరు, వైశాల్యంలో దానికి రెండున్నర రెట్లు తక్కువ. 18 మెగాపిక్సెళ్ళు. సెకనుకి 8 ఫోటోలు. ఫోకస్ పాయింట్లు 19, అన్నీ క్రాస్ టైపే.

ఈ అంకెలు చూసి ఎవడైనా ఏం చెప్తాడు? మా గ్రూపు వాళ్ళయితే "ఫుల్ ఫ్రేమే ప్రో" అంటారు. సరే, చూద్దాం పదండి.

శనివారం రాత్రి, మాఘమాసం ముహూర్తం. సాగర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు. మావాడికి అక్కడ పని ఉంది, నేను వాడి వెనక సంచీ మోసే అసిస్టెంటుని :). హాల్లో లైట్ల సంగతి మీకు తెలిసిందే. స్టేజీ మీద ఊదా రంగు, కింద పసుపు, వీడియో అతని లైటు వెలిగినంతసేపే తెలుపు. మధ్యలో మండపం చుట్టూ మేనత్తలు, మేనమామలు గోడ కట్టినట్టు నిలబడతారు. ఫోటోగ్రాఫరుకి దొరికే జాగా మూడడుగులు.

ఇక్కడ 7డి చిన్నబోయింది. కారణం లెక్క తప్ప మరేం కాదు. ఒకే లెన్సు, ఒకే ఎక్స్‌పోజరు పెట్టి తీస్తే పెద్ద సెన్సరు మీద రెండున్నర రెట్లు వెలుగు పడుతుంది. అంటే 5డి లో ఐఎస్ఓ 3200 పెట్టి తీసిన ఫోటోలో ఎంత గరుకు ఉంటుందో 7డి లో 1250కే రమారమి అంత వచ్చేస్తుంది. రెండోది వెడల్పు. 24 మిల్లీమీటర్ల లెన్సు 5డి మీద 24 గానే చూస్తుంది, 7డి మీద 38 లాగా చూస్తుంది. వెనక్కి జరుగుదామంటే వెనకాల మేనత్త!

"మరి స్పీడో? తలంబ్రాలప్పుడు సెకనుకి 8 ఫోటోలు పనికిరావా?" అంటారు. నేనూ అదే అనుకున్నా. ఫ్లాష్ పెట్టి వరసగా నొక్కి చూడండి. రెండు మూడు ఫోటోలు వెలుగుతో వస్తాయి, మిగతావి చీకటి. ఫ్లాష్ మళ్ళీ నిండటానికి టైము పడుతుంది కదా. కెమేరా ఎంత పరిగెత్తినా ఫ్లాష్ వెనకబడుతుంది. కాబట్టి ఆ 8 అక్కడ కాయితం మీది అంకె మాత్రమే.

తెల్లవారుజామున అప్పగింతలు. మావాడు ఫ్లాష్ తీసేశాడు. ఏడుస్తున్న మనిషి మొహం మీద ఫ్లాష్ కొట్టకూడదని వాడికి ఎవరూ నేర్పలేదు, వాడికే తెలుసు. 5డి, 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు, ఐఎస్ఓ 3200. పెళ్ళికూతురి చెయ్యి అత్తగారి చేతిలో పెడుతున్న తండ్రి. పెదవి వణుకు ఆపుకుంటూ ఉన్నాడాయన. ఆ ఫోటోలో గరుకు ఉంది, నేను లేదనను. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింటు వేసినప్పుడు మాత్రం దాన్ని వెతకాలి. ఆ తండ్రి మొహాన్ని వెతకక్కర్లేదు.

ఇక ఆదివారం పొద్దున. నిద్ర లేదు, అయినా చెరువు కట్టకి పోయాం. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు గురించి తెలియనివాళ్ళకి... ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా మన తెలుగు కవులు మల్కిభరాముడని పిల్చుకున్న గోల్కొండ సుల్తాను. 1550 నుంచి 1580 దాకా ఏలాడు. ఆదిభట్లలో క్యాబ్ దిగి ఏసీలోకి దూరిపోయే మనవాళ్ళలో ఎంతమంది ఇంత దగ్గర్లో ఉన్న ఈ చెరువుని చూశారో నాకు అనుమానమే.

నీళ్ళ మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి గాల్లోనే ఒక చోట నిలబడి రెక్కలు కొడుతోంది. చేప కనబడగానే రాయిలా కిందికి పడుతుంది. 400 మిల్లీమీటర్ల ఎఫ్ 5.6 లెన్సు రెండు కెమేరాలకీ మార్చి మార్చి పెట్టి తీశాం.

ఇక్కడ రాత్రి గెలిచిన 5డి చతికిలబడింది. మళ్ళీ లెక్కే. పిట్ట దూరంగా ఉంది, ఫ్రేములో చిన్నగా పడుతుంది, ఎలాగూ కత్తిరించాల్సిందే. 5డి ఫోటోని 7డి సెన్సరంత సైజుకి కత్తిరిస్తే మిగిలేది 8 మెగాపిక్సెళ్ళ పైచిల్లర. అదే జాగాలో 7డి 18 ఇస్తుంది. అంటే ఒకే లెన్సుతో, ఒకే దూరం నుంచి, అదే పిట్ట మీద రెండింతలకి పైగా వివరం. దానికి తోడు పిట్ట దూకే అరసెకనులో 7డి నాలుగు ఫోటోలు తీస్తుంది, 5డి రెండు. ఆ రెంట్లో నాకు వచ్చినవి ఒకదాంట్లో తోక, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. పొద్దుటి ఎండలో ఐఎస్ఓ 400 చాలు కాబట్టి 7డి గరుకు ఊసే లేదు.

మరి ఇందులో "ప్రో" ఏది? చెప్పండి. రాత్రి 2 గంటలకి ఒకటి, పొద్దున 7 గంటలకి ఇంకొకటి. కెమేరాలు మారలేదు, పని మారింది.

వీడియో సంగతి కూడా చెప్పాలి. 2010లో అమెరికన్ సీరియల్ 'హౌస్' ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ తీసింది ఈ 5డి మార్క్ 2 తోనే. 2011లో రామ్ గోపాల్ వర్మ రవితేజతో 'దొంగల ముఠా'ని కానన్ 5డి కెమేరాలతో అయిదు రోజుల్లో చుట్టేశాడు. సినిమా ఎలా ఉందన్నది వేరే గొడవ, దానికి కెమేరాని తిట్టకండి :). సినిమా హాల్లో తెర మీదికెక్కిన కెమేరా ఇబ్రహీంపట్నం పెళ్ళి ఆల్బమ్‌కి చాలదంటే నవ్వొస్తుంది నాకు.

అవతలి పక్షం వాదనల్నీ ఒప్పుకుంటాను. డీఎస్ఎల్ఆర్ల మీద కంపెనీలు ఆశ వదిలేసుకున్న మాట నిజం. కానన్ తన పెద్ద డీఎస్ఎల్ఆర్లలో ఆఖరిది 2020లో తెచ్చింది, దాని తర్వాత ఆ వరసలో ఇంకోటి రాదని చెప్పేసింది. కొత్త మిర్రర్‌లెస్ లు కంటి మీద ఫోకస్ పట్టుకుని వదలవు, చప్పుడు చెయ్యవు, నీడల్లో ఎంత లాగినా చారలు రావు. ఈ పాత కానన్లలో నీడల్ని సాఫ్ట్‌వేర్‌తో బాగా లేపితే చారలు కనబడతాయి. అన్నిటికంటే పెద్ద లోపం, రెంటికీ కార్డు పెట్టే చోటు ఒకటే. పెళ్ళి మధ్యలో కార్డు పోతే పెళ్ళి మళ్ళీ చెయ్యరు. అందుకే మావాడికి ఒకటే పెద్ద కార్డు వద్దని, నాలుగు చిన్న కార్డులు పెట్టుకుని ఘట్టానికొకటి మార్చమని చెప్పాను.

కానీ వీటిల్లో ఏ ఒక్కటైనా బాబాయి మూడేళ్ళ సంతకానికి సరిపోతుందా? అదీ నా ప్రశ్న. నెలకి రెండు మూడు పెళ్ళిళ్ళు, అదీ ముహూర్తాలున్న నెలల్లోనే. మూఢం వస్తే పని లేదు, ఈఎంఐకి మాత్రం మూఢం లేదు.

మన జబ్బేంటో మనకి తెలుసు. పదిమంది వాడే లీవు అప్లికేషనుకి కుబెర్నెటీస్ కావాలంటాం. "లెగసీ" అని ముక్కు విరిచిన కోబాల్ ప్రోగ్రాములు బ్యాంకుల్లో ఇప్పటికీ నడుస్తున్నాయని తెలిసి కూడా. ఆఫీసులో ఆ ఖర్చు క్లయింటు కడతాడు కాబట్టి మనకి నొప్పి తెలీదు. ఆ అలవాటునే ఊళ్ళో తమ్ముళ్ళకి అంటిస్తున్నాం. వాళ్ళు మన మాట వింటారు, ఎందుకంటే మనం "సాఫ్టువేరు". జీతం చీటీ మనది, జేబు వాళ్ళది.

కాబట్టి ఇకమీదట ఎవరైనా "అన్నా, ఏ కెమేరా కొనాలి" అంటే మోడల్ నంబరు చెప్పేముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. ఏం తీస్తావు? ఎంత వెలుగులో తీస్తావు? ఎంత పెద్దగా చూపిస్తావు? ఈ మూడింటికీ జవాబొస్తే కెమేరా దానంతటదే తేలుతుంది. నాలుగోది కూడా ఉంది. అప్పు ఎవరి పేరు మీద?

పాతది కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు. ఈ రెండు కెమేరాల క్లిక్కుల లెక్క ఫోటో ఫైల్లో కనబడదు, యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలిపి చిన్న సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. అమ్మేవాడు వద్దంటే లేచి వచ్చెయ్యండి. కార్డు గాడిలో పిన్నులు వంగాయేమో టార్చి వేసి చూడండి. లెన్సులో బూజు చూడండి. ఇంకా ముఖ్యం, 7డి కోసం కొన్న ఈఎఫ్-ఎస్ లెన్సులు 5డి కి ఎక్కవు. అది తెలీక లెన్సు ముందు కొని తర్వాత తల పట్టుకున్నవాళ్ళున్నారు.

ఇంతకీ మావాడు ఏం చేశాడంటారా? ఫైనాన్సు కాయితాలు తిరిగిచ్చేశాడు. ఆ తర్వాతి వారం కోఠి అంతా తిరిగి వాడిన 5డి మార్క్ 2 ఒకటి, 50 లెన్సు ఒకటి వెతుక్కున్నాడు. ఉన్న డబ్బుల్లోనే ఫ్లాషు కూడా వచ్చింది. స్టూడియో వాళ్ళు కొందరు నవ్వుతున్నారట, "గిది ముసలి కెమేరా" అని. అప్పగింతల ఫోటో చూపిస్తే మాట్లాడట్లేదట.

వాడు నన్నడిగిన ప్రశ్న ఒక్కటి మాత్రం ఇంకా గుచ్చుతోంది. "అన్నా, గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే నాయినకు రెండ్రోజులు నిద్ర వట్టేది గదా?"

నా దగ్గర సమాధానం లేదు. అందుకే ఈ టపా.

అదీ సంగతి. ఫుల్ ఫ్రేమ్ భక్తులారా, ఇక అక్షింతలు వెయ్యడం మొదలెట్టండి. ఫ్లాష్ లేకుండా :)