పీకుడు మాకు, వైద్యం మీకా?

ఆరు నెలల కింద మా అమ్మను చిగుళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. కుర్చీలో కూర్చుంది గానీ నోరు తెరవలేదు. కొంగు అడ్డం పెట్టుకుని "వాసనొస్తది డాక్టరమ్మా, జర దూరం జరుగు" అంది. ఊరి హోటల్లో వేరే గ్లాసులో చాయ్ తాగి, ఆ గ్లాసు తానే కడిగి పెట్టిన తరం ఆమెది. నీ నోరు ఎంగిలి అని ఊరు చెప్తే నమ్మిన మనిషి.

అంతకు రెండేళ్ల ముందు ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయాం. అక్కడి డాక్టరు ఊరూ పేటా అడిగాడు. నోట్లో అద్దం కూడా పెట్టలేదు. "మీవాళ్లు పళ్లు తోముకోరు కదా, పీకించి సెట్టు కట్టించుకోండి" అన్నాడు. మీవాళ్లు! ఆ మాటకు అర్థం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పూటే మూడు పళ్లు పీకాడు. డాక్టరేట్ ఉన్న కూతుర్ని, పక్కనే నిలబడి ఊరుకున్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా.

మిత్రులారా, చిగుళ్ల డాక్టర్ అంటే బీడీఎస్ తర్వాత మూడేళ్లు చిగుళ్ల మీదే ఎండీఎస్ చదివిన మనిషి. పెరియోడాంటిస్ట్ అంటారు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలో మాకు దొరికిన డాక్టరమ్మ మొదట అడిగింది తోముతావా అని కాదు. షుగరుందా, బీపీకి ఏం గోలీలు వేస్తున్నావు, తంబాకు నములుతావా అని. తర్వాత గీతలున్న సన్నటి కడ్డీతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు కొలిచింది. పక్కనున్న విద్యార్థిని అంకెలు రాసుకుంది. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలే. అంతకు మించితే చిగురు పన్నును వదిలి సంచిలా అవుతోందని. అమ్మకు వెనక పళ్ల దగ్గర ఆరు, ఏడు ఉన్నాయి. పళ్లు కదిపి చూసింది, ఎక్స్‌రే తీయించి ఎముక ఎంత కరిగిందో చూపించింది. కాస్త గుచ్చుకుంటుంది, రక్తం వస్తుంది. అంతే.

షుగర్ పరీక్ష రాసింది. అమ్మకు షుగరుందని అప్పుడే తెలిసింది! మూడు పళ్లు పీకినవాడు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల రోగం ముదురుతుంది, చిగుళ్ల రోగం ఉంటే షుగర్ ఓ పట్టాన దిగదు. పాచి పేరుకోకుండా ఈ రోగం రాదు, ఒప్పుకుంటా. కానీ అంతే పాచి ఉన్న ఇద్దరిలో ఒకరి ఎముక ఎందుకు ఎక్కువ కరుగుతుంది? షుగర్, తంబాకు, ఒంటి తత్వం. తంబాకుతో రక్తం కారడం తగ్గి రోగం కనపడకుండా దాక్కుంటుంది కూడా. నాట్లకు వంగిన ఆడవాళ్లు ఆకలి చంపుకోను దవడన తంబాకు పెట్టుకుంటారు. దాన్ని దురలవాటని తేల్చేసేవాళ్లు ఆ రోజు వాళ్లు ఎన్నింటికి తిన్నారో అడగరు. (నా పరిశోధన కాలమంతా మొల్లమొగ్గల్లాంటి పలువరుసల వర్ణనలు చదివాను. ఆ పలువరుసల ఆడవాళ్లు నాటేయడం మాత్రం ఎక్కడా చదవలేదు.)

మత్తు సూది ఇచ్చి, చిగురు కింద పంటి వేరుకు అంటుకున్న గారను రెండు దఫాలుగా గీకింది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మా వాడలో అంటారు. తప్పు. పన్నును పట్టుకునేది ఎముక, గార కాదు. గార పోయి, వాపు దిగితే అప్పటిదాకా పూడుకున్న సందులు బయటపడతాయి. కొన్నాళ్లు చల్లనీళ్లు జివ్వుమంటాయి. ఆరు వారాలకు మళ్లీ కొలిస్తే చాలాచోట్ల నాలుగుకు దిగింది. దిగని రెండు చోట్ల చిగురు తెరిచి, శుభ్రం చేసి, కుట్లు వేయాలంది. పోయిన ఎముక మొత్తం తిరిగి రాదని, మూడు నెలలకోసారి రావాలని మొహం మీదే చెప్పింది. ఒక దవడ పన్ను దక్కలేదు, పీకింది. పీకే ముందు ఎక్స్‌రే పెట్టి అమ్మకు కారణం చెప్పింది. నా కొట్లాట పీకడంతో కాదు, కొలవకుండా పీకడంతో.

అయినా పీకుడే ఎందుకు నడుస్తోంది? నాలుగుసార్లు తిరగాలంటే నాలుగు రోజుల కూలి పోతుంది, బస్సు చార్జీలు వేరే. పీకుడు ఒక్క పూట పని. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. మండలం నుంచి అక్కడికి ఎంత దూరం? మనం అడగాల్సింది అది. నేను చదివిన హాస్టల్‌కు పళ్ల క్యాంపు వచ్చేది. తలా ఒక పేస్టు ట్యూబు, ఒక ఫొటో. చిగుళ్ల నుంచి రక్తం కారే పిల్లలు ఎంతోమంది ఉండేవాళ్లం, ఒక్కరి చిగురూ కొలవలేదు. ఈసారి మీ హాస్టల్‌కు వస్తే అడగండి: కొలిచారా, ఎన్ని మిల్లీమీటర్లు, ఎవరిని ఎక్కడికి పంపుతున్నారు? మీ అమ్మానాన్నల్ని తీసుకుపోయేటప్పుడు వాడే గోలీల చీటీలు, షుగర్ రిపోర్టు, పాత ఎక్స్‌రేలు పట్టుకుపోండి. పొద్దున్నే పోండి. ఎవరన్నా "మీవాళ్లు" అంటే నాలా ఊరుకోకండి.

బుధవారం అమ్మకు ఆ కుట్ల ఆపరేషన్. కొన్నాళ్లు మెత్తటి తిండే తినాలట. "మరి తునకల కూర ఎప్పుడు తినాలె?" అని డాక్టరమ్మనే అడిగింది. కుట్లు విప్పేదాకా ఆగమంది.