ఖతార్‌లో చేతిపనికి ధర కట్టేదెవరు?

ఖతార్‌లో 2021 మార్చి 20న కొత్త కనీస వేతనం అమలులోకి వచ్చింది. మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ భోజనం పెట్టకపోతే మరో 300, వసతి చూపకపోతే ఇంకో 500 ఇవ్వాలి. ఏ దేశస్థుడైనా, ఏ పని చేసినా ఇదే లెక్క. జాతీయతతో నిమిత్తం లేకుండా కనీస వేతనం పెట్టిన మొదటి గల్ఫ్ దేశమని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఖతార్‌ను మెచ్చుకుంది. దీనివల్ల సుమారు 2.8 లక్షల మందికి, అంటే అక్కడి శ్రామికుల్లో 13 శాతం మందికి, జీతం పెరిగిందని చెప్పింది. నిస్సందేహంగా మంచి పని ఇది. అయితే ఆ వెయ్యి రియాళ్ల గీత సిమెంటు బస్తాలు మోసే హెల్పర్‌కూ, షట్టరింగ్ కార్పెంటర్‌కూ, గ్యాస్ పైపు అతికే వెల్డర్‌కూ ఒక్కటే. హెల్పర్ కంటే వెల్డర్‌కు ఎంత ఎక్కువ ఇవ్వాలో ఆ చట్టం చెప్పదు. ఆ తేడా మొత్తం విమానం ఎక్కకముందు సంతకం పెట్టే ఒప్పందంలోనే తేలిపోతుంది. పని నేర్చుకున్నవాడికి విదేశాల్లో ఢోకా లేదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు, శిక్షణ సంస్థలు చెబుతున్న మాట సగమే నిజం కావడానికి కారణం ఇదే. పని నేర్పడానికి డబ్బు ఖర్చు పెడుతున్నాం. ఆ పనికి ధర కట్టే చోటును ఏజెంట్లకు వదిలేశాం.

గిరాకీ లేదని ఎవరూ అనలేరు. సుమారు ముప్పై లక్షల జనాభాలో సొంత పౌరులు పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉన్న దేశం అది. అక్కడున్న విదేశీయుల్లో భారతీయులదే అతి పెద్ద సంఖ్య. 2022 ప్రపంచకప్ స్టేడియాలు, మెట్రో, రోడ్లు పూర్తయ్యాక పని ఆగిపోతుందని చాలామంది అనుకున్నారు. కానీ నార్త్ ఫీల్డ్ గ్యాస్ క్షేత్రం విస్తరణ మొదలైంది. ఏడాదికి 7.7 కోట్ల టన్నులున్న ద్రవీకృత సహజవాయువు ఉత్పత్తి సామర్థ్యాన్ని 2030 నాటికి 14.2 కోట్ల టన్నులకు తీసుకెళ్లాలన్నది ఖతార్ లక్ష్యం. ఇందుకు గ్యాస్ ప్లాంట్లున్న రాస్ లఫాన్‌లో కావలసింది పైప్ ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ కాలాల్లో కొద్ది నెలల కోసమే మనుషులను పిలిపించుకుంటారు. ఈ పనులు తెలిసినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాల యువకులు వెల్డింగ్, ఫిట్టింగ్ నేర్చుకుని విదేశాలకు వెళ్లడం ఒక ఆనవాయితీగా మారింది. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, సిరిసిల్ల జిల్లాల నుంచి మేస్త్రీలు, స్టీల్ ఫిక్సర్లు, కార్పెంటర్లు దశాబ్దాలుగా గల్ఫ్ బాట పడుతూనే ఉన్నారు. మనిషీ ఉన్నాడు, పనీ ఉంది. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతోందన్నదే అసలు ప్రశ్న.

మొదటి చిక్కు నైపుణ్యాన్ని రుజువు చేసుకోవడంలోనే ఉంది. ఐటీఐ పట్టా గానీ, హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఇచ్చే సర్టిఫికెట్ గానీ అభ్యర్థిని ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్తాయి. ఆ తర్వాత కంపెనీ తన ట్రేడ్ టెస్టు తానే పెట్టుకుంటుంది. వెల్డింగ్‌నే చూడండి. సిక్స్‌జీ టెస్టులో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డర్ దాని చుట్టూ తిరుగుతూ అతకాలి. ఆ జాయింటును ఎక్స్‌రే తీసో, ముక్కలు కోసి వంచో పరీక్షిస్తారు. ఇది నెగ్గడం చిన్న విషయం కాదు. చమురు, గ్యాస్ పరిశ్రమ అనుసరించే ఏఎస్‌ఎంఈ నిబంధనావళి ప్రకారం ఏ కంపెనీ వెల్డర్ల అర్హతకు ఆ కంపెనీదే బాధ్యత. ఒక చోట నెగ్గినవాడు మరో కంపెనీలో మామూలుగా మళ్లీ పరీక్షకు కూర్చోవాల్సిందే. ఆరు నెలలు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే ఉన్న అర్హత కూడా రద్దవుతుంది. భద్రత దృష్ట్యా ఈ నియమాన్ని తప్పుబట్టలేం. అయితే దీని ఫలితం ఏమిటంటే, పనివాడి నైపుణ్యానికి రుజువు కంపెనీ ఫైల్లో ఉంటుంది, అతని జేబులో ఉండదు. సెలవు మీద ఊరొచ్చి ఏడు నెలలు ఉండిపోయిన వెల్డర్ పదేళ్ల అనుభవంతోనైనా మళ్లీ మొదటి మెట్టు నుంచి బేరం మొదలుపెట్టాలి.

రెండో చిక్కు డబ్బుది. వీసాలో రాసిన ఉద్యోగం పేరు, ఒప్పందంలో రాసిన జీతం, ఏజెంటుకు కట్టిన సొమ్ము ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. భారతీయ నిబంధనల ప్రకారం లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. ఖతార్ 2004 కార్మిక చట్టమైతే నియామకం పేరుతో కార్మికుడి దగ్గర రుసుము తీసుకోకూడదనే అంటుంది. ఆచరణ ఎలా ఉందో ప్రపంచకప్ నిర్వాహకులే బయటపెట్టారు. స్టేడియం పనుల కాంట్రాక్టర్ల చేత సుమారు 49,000 మంది కార్మికులకు దాదాపు 2.8 కోట్ల డాలర్ల నియామక ఖర్చులు తిరిగి ఇప్పించే ఏర్పాటు వాళ్లు చేశారు. ప్రపంచం కళ్లన్నీ ఉన్న ప్రాజెక్టులోనే అన్ని వేల మంది డబ్బు కట్టి వచ్చారంటే, ఎవరి కంటా పడని సబ్ కాంట్రాక్టర్ల సంగతి ఊహించవచ్చు. లక్ష రూపాయల అప్పుకు నూటికి రెండు వడ్డీ వేసుకుంటే నెలకు రెండు వేలు, అంటే సుమారు 80 రియాళ్లు. వెయ్యి రియాళ్ల జీతగాడికి అది చిన్న కోత కాదు. పైగా అప్పు చేసి టికెట్ కొన్నవాడు వీసాలో కార్పెంటర్ అని కాకుండా లేబర్ అని ఉన్నా వెనక్కి తిరగలేడు. ఏజెంటుకు తెలిసిన కిటుకు అదే.

దీన్ని అరికట్టే ప్రయత్నం జరగలేదని కాదు. ఖతార్ 2019లో హైదరాబాద్ సహా మన దేశంలో ఏడు నగరాల్లో వీసా కేంద్రాలు తెరిచింది. వైద్య పరీక్షలు, వేలిముద్రలు, ఒప్పందం మీద సంతకం అన్నీ ఇక్కడే పూర్తి చేయించే ఏర్పాటది. అక్కడికి వెళ్లాక వేరే కాగితం ముందు పెట్టే పాత మోసానికి ఇది గట్టి అడ్డుకట్టే. కానీ ఆ కేంద్రానికి చేరే సరికే ఏజెంటుకు డబ్బు అంది ఉంటుంది. ఒప్పందంలో తక్కువ జీతం కనిపించినా ఎదురు చెప్పే ధైర్యం అప్పటికి మిగలదు. ఖతార్ 2017 నుంచి భారతీయులకు ముందస్తు వీసా లేకుండా నెల రోజుల సందర్శనకు వీలు కల్పించింది. పని చూపిస్తామని ఆ దారిన తీసుకెళ్లేవాళ్లకు ఈ కేంద్రాలతో అవసరమే పడదు.

ఇక మన చట్టం సంగతి. 1983 వలసల చట్టం కింద గల్ఫ్‌కు వెళ్లేవారిలో ప్రధానంగా పదో తరగతి పాసవని వారికే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. వాళ్ల ఒప్పందం ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కావాలి. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరయ్యేదీ వాళ్లకే. చదువు లేనివాడే మోసపోతాడన్న నలభై ఏళ్ల కిందటి అంచనా ఇది. ఇప్పుడు ఐటీఐ చదివిన ఫిట్టర్, డిప్లొమా ఉన్న ఎలక్ట్రీషియన్ పదో తరగతి దాటినవాళ్లే. వాళ్ల పాస్‌పోర్టుకు క్లియరెన్స్ అక్కర్లేదు, అంటే వాళ్ల ఒప్పందాన్ని ఏ అధికారీ చూడడు. తాము కోరుకుంటే నమోదు చేసుకోవచ్చు, కానీ ఎవరూ బలవంతం చేయరు. మనం శిక్షణ ఇచ్చి నైపుణ్యం కలవాడని ముద్ర వేసి పంపే మనిషే రక్షణ వలయం బయట ఉంటున్నాడు. 2021లోనూ, మళ్లీ 2025లోనూ కొత్త చట్టానికి ముసాయిదాలు వచ్చాయి. వాటి మీద జరగాల్సిన చర్చ ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి.

ఖతార్ మారింది కదా, కార్మికుణ్ని యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతి పోయింది కదా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. 2018లో చాలామందికి, దేశం వదలాలంటే యజమాని దగ్గర తీసుకోవాల్సిన ఎగ్జిట్ పర్మిట్ బెడద తప్పింది. 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే హక్కు వచ్చింది. మొదటి రెండేళ్లలో అయితే నెల, ఆ తర్వాత రెండు నెలల నోటీసు ఇస్తే చాలు. తొలి ఏడాదిలోపే 2.4 లక్షలకు పైగా మార్పిడి దరఖాస్తులకు ఆమోదం దొరికింది. ఇది పనివంతుడికే ఎక్కువ మేలు చేయాల్సిన సంస్కరణ, ఎందుకంటే అతని చేతిపనికి ఎక్కువ ఇచ్చే మరో కంపెనీ ఎప్పుడూ ఉంటుంది. అయినా పాత యజమాని కాగితం తెమ్మని కొత్త కంపెనీలు అడుగుతూనే ఉన్నాయని, పారిపోయాడని యజమాని పెట్టే ఫిర్యాదు భయం తొలగలేదని మానవ హక్కుల సంస్థలు రాశాయి. వడ్డీ నడుస్తున్నవాడు ఒక్క నెల జీతం ఆగినా తట్టుకోలేడు. ఉద్యోగం మారే హక్కు అప్పు లేనివాడికి పనికొచ్చినంతగా అప్పులో ఉన్నవాడికి పనికిరాదు.

జీతం గురించి గట్టిగా పట్టుబడితే కంపెనీలు నేపాల్, బంగ్లాదేశ్, ఆఫ్రికా వైపు చూస్తాయన్నది రెండో వాదన. మన ప్రభుత్వమే ఒకసారి దీన్ని నమ్మింది. 2020 సెప్టెంబరులో విదేశాంగ శాఖ గల్ఫ్ ఉద్యోగాలకు తాను నిర్ణయించిన కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఖతార్‌కు 200 డాలర్లుగా, అంటే సుమారు 728 రియాళ్లుగా పెట్టింది. ఖతార్ తన కనీస వేతనాన్ని వెయ్యి రియాళ్లుగా ప్రకటించింది అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు చివర. యజమానుల దేశం ఇస్తానన్న దానికంటే తక్కువకు పనివాళ్ల దేశం సిద్ధపడింది! గల్ఫ్ కార్మిక సంఘాలు ఆందోళన చేసి, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచాక, 2021 జులైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి. హెల్పర్ విషయంలో పోటీ భయాన్ని కొట్టిపారేయలేం. సిక్స్‌జీ వెల్డర్ విషయంలో ఆ భయం నిలవదు, అటువంటివాళ్లు ఎక్కడా గుట్టలుగా దొరకరు. ఫిలిప్పీన్స్ తన పౌరుల ఒప్పందాలను వాళ్లు వెళ్లే దేశంలోని తన కార్మిక కార్యాలయం సరిచూశాకే మనుషులను పంపుతుంది. అయినా ఫిలిప్పీన్స్ పనివాళ్లను గల్ఫ్ వదులుకోలేదు. నేపాల్ 2015లో వీసా, టికెట్ ఖర్చు యజమానిదేనని ఆదేశం ఇచ్చినా దళారులు తప్పించుకున్నారు. ఆదేశం ఒక్కటే చాలదని ఆ అనుభవం చెబుతోంది. ఒప్పందాన్ని చదివి సంతకం పెట్టే అధికారి ఉండాలి.

జీతం మీద ఇంత పట్టుదల ఎందుకంటే ఖతార్‌లో అంతకు మించి దొరికేది లేదు. ఆస్ట్రేలియా, కెనడాల్లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్ పనులు శాశ్వత నివాసానికి దారి తీస్తాయి. కానీ అక్కడ ఇంగ్లిష్ పరీక్షతో పాటు ఏళ్ల తరబడి ఉద్యోగం చేసినట్టు కాగితాలు చూపాలి. మేస్త్రీ చేతి మీదుగా రోజుకూలీ తీసుకున్నవాడికి పే స్లిప్ ఎక్కడిది? అందుకే అతనికి మిగిలేది గల్ఫే. ఖతార్ 2018 చట్టం శాశ్వత నివాసానికి ఇరవై ఏళ్లు అక్కడ ఉండాలంది, ఏడాదికి వంద మందికే ఇస్తానంది. కుటుంబాన్ని తీసుకెళ్లాలంటే కనీస వేతనానికి ఎన్నో రెట్ల జీతం కావాలి. కాబట్టి మేస్త్రీ, వెల్డర్ అక్కడికి వెళ్లేది స్థిరపడటానికి కాదు, కొన్నేళ్లు సంపాదించి రావడానికి. ఆ కొన్నేళ్ల జీతం తగ్గితే మరో చోట పూడ్చుకునే వీలు లేదు.

తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్ అనే సొంత నియామక సంస్థలున్నాయి. ఇవి ఎంతమందిని పంపాయన్న లెక్కకే పరిమితం కాకుండా, ఖతార్‌లో ఏ ట్రేడ్‌కు ఏ కంపెనీ ఎంత ఇస్తోందో నెలనెలా తెలుగులో ప్రకటించాలి. పదో తరగతి దాటినవారి ఒప్పందాలనూ అడిగినవారికి ఉచితంగా సరిచూసి పెట్టాలి. ట్రేడ్ టెస్టు ఫలితం కాపీ అభ్యర్థి చేతికి ఇవ్వాలని కంపెనీలకు షరతు పెట్టాలి. తెలంగాణ 2024లో గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం ప్రకటించింది. పోయినవారి ఇంటికి ఆ సాయం అందాల్సిందే. బతికున్నవాడి ఒప్పందాన్ని విమానం ఎక్కకముందే చదివిపెట్టడానికి అయ్యే ఖర్చు అందులో వందో వంతు కూడా ఉండదు.